మొదటి వాక్యం ఎవరిది?

తెలుగులో లాజిక్ అనే మాట మనం ఎక్కువగా వాడేది సినిమాల గురించి మాట్లాడేటప్పుడు. "లాజిక్కులు వెతక్కుండా చూస్తే బాగానే ఉంది" అంటాం. హీరో ఒక్క దెబ్బ కొడితే పదిమంది గాల్లోకి లేస్తే లాజిక్ లేదంటాం. అంటే నమ్మేట్టు లేదని మన ఉద్దేశం. తర్కశాస్త్రానికి మాత్రం ఈ నమ్మకం సంగతితో పనిలేదు. "హీరో కొడితే ఎవరైనా గాల్లోకి లేస్తారు. ఇతన్ని హీరో కొట్టాడు. కాబట్టి ఇతను గాల్లోకి లేచాడు." తర్కం దృష్టిలో ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. మొదటి వాక్యం ఒప్పుకున్నవాడు చివరి వాక్యం కూడా ఒప్పుకుని తీరాలి. మరి ఆ మొదటి వాక్యం నిజమేనా అంటే, అది తన పని కాదంటుంది తర్కం.

పాత సైన్స్ ఫిక్షన్ చదువుతున్నప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొస్తూ ఉంటుంది. 1940లు, 50లలో అమెరికాలో, ముఖ్యంగా జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ సంపాదకత్వంలో వచ్చిన 'అస్టౌండింగ్' పత్రికలో అచ్చయిన కథల్లో తర్కం కూడా ఒక సైన్సే. రాకెట్లూ రోబోలూ ఎలాగో, అదీ రేపు మనిషి చేతికి రాబోయే ఒక పరికరం. దానితో మాటల్లోని మోసాన్ని పట్టుకోవచ్చు, యంత్రానికి నీతి నేర్పొచ్చు, ఎవరు బతకాలో ఎవరు చావాలో కూడా తేల్చేయొచ్చు. ఈ చివరి దాని దగ్గరే నాకు ఇబ్బంది. ఒక నిర్ణయం తీసుకుని "నాదేముంది, లాజిక్ ప్రకారం ఇంతే" అన్నప్పుడు, ఆ నిర్ణయానికి ఎవరు బాధ్యులు?

ఈ కల సైన్స్ ఫిక్షన్ వాళ్ళు కనిపెట్టింది కాదు. పదిహేడో శతాబ్దంలోనే లైబ్నిజ్ ఊహించాడు: ఆలోచనలన్నిటికీ సరైన గుర్తులు తయారుచేసుకోగలిగితే ఇద్దరు పండితులు వాదించుకోవాల్సిన అవసరమే ఉండదు, కూర్చుని లెక్క కడితే చాలు అని. 1854లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంలా రాసి చూపించాడు. 1879లో ఫ్రెగె దానికి ఇంకా పదునైన భాష ఇచ్చాడు. 1910 నుంచి 1913 మధ్య రస్సెల్, వైట్‌హెడ్ మూడు సంపుటాల్లో గణితం మొత్తాన్ని తర్కం మీద నిలబెట్టడానికి ప్రయత్నించారు. అలాంటి ఏ వ్యవస్థలోనైనా, అందులో వైరుధ్యాలు లేనంతవరకూ, నిరూపించలేని నిజాలు మిగిలిపోతాయని 1931లో గోడెల్ నిరూపించాడు. కానీ ఆ చల్లటి వార్త పాపులర్ ఊహల్లోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఈలోపు 1937లో క్లాడ్ షానన్ తన మాస్టర్స్ థీసిస్‌లో బూల్ బీజగణితాన్ని ఎలక్ట్రిక్ స్విచ్చులతో నడిపించవచ్చని చూపించాడు. నా జీతం అంతిమంగా ఆ థీసిస్ మీదే నడుస్తోంది కాబట్టి ఈ కలని వెక్కిరించే హక్కు నాకు లేదు.

క్యాంప్‌బెల్‌కి ఈ కల మీద గట్టి నమ్మకం ఉండేది. మనుషులు ఏం చేస్తారో ముందే చెప్పలేకపోవడానికి కారణం వాళ్ళ భాష మసకగా ఉండటమేననీ, సింబాలిక్ లాజిక్ బాగా ఎదిగితే ఆ మసక పోతుందనీ ఆయన అనేవాడని ఐజాక్ అసిమోవ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అసిమోవ్‌ది కెమిస్ట్రీ చదువు. సింబాలిక్ లాజిక్ కన్నా, ఒక్కో అణువు ఎటు పోతుందో తెలియకపోయినా మొత్తం వాయువు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే సిద్ధాంతం ఆయనకి దగ్గర. 'ఫౌండేషన్' కథల్లోని సైకోహిస్టరీ అక్కణ్ణుంచి పుట్టింది. అయినా ఎడిటర్ గారి కోరిక పూర్తిగా పక్కన పెట్టలేదు. 1942లో వచ్చిన మొదటి 'ఫౌండేషన్' కథలో సింబాలిక్ లాజిక్ ఒక సన్నివేశంలో కనిపిస్తుంది. నాకు తెలిసి తర్కాన్ని సైన్సుగా చూపించిన కథా సన్నివేశాల్లో అంత సరదా అయినది ఇంకోటి లేదు.

టెర్మినస్ అనే చిన్న గ్రహం. పక్కనున్న అనాక్రియాన్ రాజ్యం దాన్ని మింగేయాలని చూస్తోంది. కాపాడాల్సిన సామ్రాజ్యం నుంచి లార్డ్ డోర్విన్ అనే రాయబారి వస్తాడు. ఐదు రోజులు ఉండి, పెద్దమనుషులందరికీ ధైర్యం చెప్పి వెళ్ళిపోతాడు. మేయర్ సాల్వర్ హార్డిన్‌కి మాత్రం అనుమానం. ఆ మాటలన్నీ రికార్డు చేయించి, తర్కం తెలిసిన ఒకాయన చేత విశ్లేషణ చేయిస్తాడు. అర్థంలేని వాక్యాలు, మెలికలు, షరతులు ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి మిగిలింది సున్నా. ఐదు రోజుల్లో ఆ పెద్దమనిషి ఏమీ చెప్పలేదన్నమాట. సామ్రాజ్యానికీ అనాక్రియాన్‌కీ మధ్య ఉన్న ఒప్పందాన్నీ అలాగే వడపోస్తే తేలింది: వాళ్ళ మీద వీళ్ళకి ఏ అధికారమూ లేదు, వీళ్ళ పట్ల వాళ్ళకి ఏ బాధ్యతా లేదు.

ఇంజినీరింగ్ రోజుల్లో ఇది మొదటిసారి చదివినప్పుడు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఏ ఎన్నికల మేనిఫెస్టో చూసినా, ఆఫీసులో పైనుంచి వచ్చే ఏ సుదీర్ఘమైన మెయిల్ చదివినా ఆ యంత్రం ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది ఇప్పటికీ.

కానీ ఆ విశ్లేషణకి రెండు రోజులు పట్టిందని కథలో ఉంటుంది. ఆ రెండు రోజులూ ఆయన ఏం చేసుంటాడు? వాక్యాలు గుర్తుల్లోకి మారాక వాటిని కొట్టేయడం చిటికెలో అయ్యే పని. రెండు రోజులు పట్టింది కచ్చితంగా మాటల్ని గుర్తుల్లోకి మార్చడానికే. ఏ వాక్యానికి అర్థం ఉంది, ఏది ఉత్త మర్యాద, ఏ షరతు ఏ హామీని రద్దు చేస్తుంది, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. ఆ నిర్ణయాల్లో తర్కం లేదు. మనుషుల్ని చదవడం ఉంది.

మన దగ్గరి ఉదాహరణ చెప్తాను. "వచ్చే నెల కాస్త డబ్బు సర్దగలవా?" అని అడిగితే అవతలి వ్యక్తి "చూద్దాంలే" అన్నాడు. సంకేతాల్లోకి మారిస్తే ఇది డోర్విన్ మాటే. ఇస్తానని లేదు, ఇవ్వనని లేదు, మిగిలింది సున్నా. కానీ తెలుగు ఇంట్లో పెరిగిన పదేళ్ళ పిల్లకి కూడా "చూద్దాంలే" అంటే ఏమిటో తెలుసు. లేదని అర్థం. "చూద్దాం" అంటే కాస్త ఆశ ఉంది, చివర "లే" చేరిందా, ఇక ఆశ వదులుకోవచ్చు. ఆ అర్థం వాక్యం రూపంలో లేదు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారన్న దాన్లో ఉంది. డోర్విన్ కూడా ఏమీ చెప్పకుండా పోలేదు. "మేం రాం" అని చాలా స్పష్టంగానే చెప్పాడు. వినదలుచుకోనివాళ్ళకి అది "మేం ఉన్నాం" అని వినబడింది. హార్డిన్‌కి ఆ సంగతి ముందే తెలుసు. ఆయనకి కావలసింది దాన్ని కాదనలేని రూపంలో బల్లమీద పెట్టడం. తర్కం ఆ పని చక్కగా చేసింది.

అసిమోవ్‌కి ఈ పరిమితి బాగా తెలుసనడానికి ఆయన రోబో కథలే సాక్ష్యం. 1941లో వచ్చిన 'రీజన్' కథలో క్యూటీ అనే రోబో ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో కూర్చుని, దేన్నీ నమ్మకుండా, తను ఉన్నానన్న ఒక్క నిజం నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. బలహీనమైన ఈ మెత్తటి మనుషులు నాలాంటి మెరుగైన దాన్ని తయారు చేసుండరు, కాబట్టి కేంద్రంలోని శక్తియంత్రమే నా ప్రభువు అని తేలుస్తుంది. ఇద్దరు ఇంజినీర్లు దాని కళ్ళ ముందే మరో రోబోని బిగించి చూపిస్తారు. మీరు ముక్కలు కలిపారంతే, సృష్టించినవాడు ప్రభువే అంటుంది క్యూటీ. ఎక్కడా తర్కదోషం లేదు. ఇంజినీర్లు ఓడిపోతారు. వాళ్ళలో ఒకడికి అప్పుడు అర్థమవుతుంది, మొదటి వాక్యాలు నీకు నచ్చినవి ఎంచుకోగలిగితే దేన్నైనా నిరూపించవచ్చని. తమాషా ఏమిటంటే, తుఫాను వచ్చినప్పుడు క్యూటీ తన పని మనుషులకన్నా బాగా చేస్తుంది. భూమిని కాపాడుతున్నాననుకోదు, ప్రభువు ఆజ్ఞ ప్రకారం ముళ్ళు సరిచేస్తున్నాననుకుంటుంది. సరే, పని జరుగుతోంది కదా అని ఇంజినీర్లు వదిలేసి ఇంటికి పోతారు. ఆ ముగింపు చదివి నవ్వుతాం గానీ, తర్వాత కాస్త భయం వేస్తుంది. ముళ్ళు ఎటు తిప్పాలో ఆ మొదటి వాక్యాలు ఇంకోలా చెప్పుంటే ఏమయ్యేది?

అదే ఏడాది వచ్చిన 'లయర్!' ఇంకా చేదు కథ. హెర్బీ అనే రోబో మనసులు చదవగలదు. మనుషులకి హాని చేయకూడదన్నది దాని మొదటి నియమం. మనసు నొప్పించడం కూడా హానే కదా! అందుకని ప్రతి ఒక్కరికీ వాళ్ళు వినాలనుకున్నదే చెప్తుంది. రోబో సైకాలజిస్ట్ సూసన్ కాల్విన్‌కి, ఆమె ఇష్టపడే సహోద్యోగి ఆమెని ప్రేమిస్తున్నాడని చెప్తుంది. నిజం తెలిశాక కాల్విన్ ఆ రోబోని ఎటూ తప్పించుకోలేని ప్రశ్నలో బిగిస్తుంది. చెప్తే హాని, చెప్పకపోతే హాని. హెర్బీ మెదడు ఛిద్రమైపోతుంది. తెలిసే చేస్తుంది ఆ పని. ఆమె వాదనలో ఒక్క తప్పు లేదు, చేతిలో మాత్రం ఆయుధం ఉంది. ఇక్కడ మొత్తం కథ "హాని" అనే ఒక్క మాట మీద తిరుగుతుంది. నియమం రాసినవాళ్ళు ఆ మాటకి అర్థం తెలుసులే అనుకుని వదిలేశారు. మూడు రోబో నియమాలు ప్రసిద్ధికెక్కింది అవి పనిచేస్తాయని కాదు. వాటిలోని మామూలు మాటలు ఎక్కడెక్కడ జారిపోతాయో చూపించడమే అసిమోవ్ చాలా ఏళ్ళపాటు చేసిన పని.

లోపం పాత తర్కంలోనే ఉంది, కొత్తది తెస్తే మనిషి బాగుపడతాడు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆల్ఫ్రెడ్ కోర్జిబ్‌స్కీ 1933లో 'సైన్స్ అండ్ శానిటీ' అనే లావుపాటి పుస్తకంలో అరిస్టాటిల్‌ని దాటిపోవాలన్నాడు. మాటకీ వస్తువుకీ ఉన్న తేడా, మ్యాపుకీ నేలకీ ఉన్న తేడా లాంటిదని గుర్తుచేశాడు. అది విలువైన మాటే. దాన్ని తీసుకుని వాన్ వోట్ 1945లో 'ద వరల్డ్ ఆఫ్ నల్-ఎ' రాశాడు. అందులో కొత్త తర్కంలో శిక్షణ పొందినవాళ్ళని ఒక మహాయంత్రం పరీక్షించి, గెలిచినవాళ్ళని శుక్రగ్రహానికి పంపుతుంది. అక్కడ పోలీసులు అక్కర్లేదు, ప్రభుత్వం అక్కర్లేదు. చిత్రమేమిటంటే, మెరుగైన తర్కం గురించిన ఈ నవలలో కథ ఎటు పోతుందో ఎందుకు పోతుందో తెలియదు. డేమన్ నైట్ అనే విమర్శకుడు దీన్ని దుమ్ము దులిపిన తీరు ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన భాషలో చెప్పాలంటే, లాజిక్కులు వెతక్కుండా చదివితే బాగానే ఉంటుంది!

ఇక నన్ను వదలని కథ దగ్గరికొస్తాను. టామ్ గోడ్విన్ రాసిన 'ద కోల్డ్ ఈక్వేషన్స్', 1954 ఆగస్టు 'అస్టౌండింగ్'లో వచ్చింది. ఒక చిన్న అంతరిక్ష నౌక దూరపు గ్రహంలో జ్వరంతో ఉన్న ఆరుగురికి మందు తీసుకెళ్తోంది. ఇంధనం సరిగ్గా లెక్కపెట్టి పోశారు. ఒక్క మనిషి బరువు ఎక్కువైనా నౌక దిగలేదు, కూలిపోతుంది. పైలట్‌కి నౌకలో దాక్కున్న మనిషి దొరుకుతుంది. మెరిలిన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. అన్నని చూడాలని ఎక్కింది. పట్టుబడితే జరిమానా వేస్తారేమోననుకుంది. నిబంధన ఏమిటంటే, దొరికినవాళ్ళని వెంటనే బయటికి తోసేయాలి. పైలట్ చెడ్డవాడు కాదు, చాలా బాధపడతాడు. ఆ అమ్మాయి అన్నతో మాట్లాడేదాకా ఆగుతాడు. ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుంది.

గోడ్విన్ ఆ అమ్మాయిని ఏదో ఒక ఉపాయంతో బతికిస్తూ రాసుకొస్తే, క్యాంప్‌బెల్ ఒప్పుకోకుండా మళ్ళీ మళ్ళీ తిప్పి పంపాడని ఈ కథ గురించి చెప్పుకుంటారు. భౌతిక సూత్రాలకి జాలి ఉండదన్నది కథ చెప్పదలుచుకున్న నీతి. చదువుతుంటే నిజమేననిపిస్తుంది. ఆరుగురి ప్రాణాలా, ఒకరివా? ఇంధనం ఇంత, బరువు ఇంత. లెక్క కట్టు.

కాస్త ఆగి మొదటి వాక్యాల్ని చూద్దాం. ప్రాణాలు కాపాడే నౌకలో ఇంధనం ఒక్క చుక్క కూడా మిగలకుండా పోయాలని ఎవరన్నారు? మనిషి ఎక్కితే చచ్చిపోయే నౌక గదికి తాళం వేయకుండా, లోపలికి రావద్దని ఒక బోర్డు మాత్రం పెట్టి వదిలేసిందెవరు? బయల్దేరే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడాలన్న నిబంధన లేదు గానీ, దొరికితే తోసేయాలన్న నిబంధన మాత్రం సిద్ధంగా ఉంది. అంటే ఇలా జరుగుతుందని వాళ్ళకి తెలుసు. కోరీ డాక్టరో 2014లో 'లోకస్' పత్రికలో దాదాపు ఇలాంటి ప్రశ్నలే వేశాడు. ఆ సమీకరణాలు ప్రకృతివి కావు, రచయితవి అని. నాకు దానికి తోడు ఇంకొకటి అనిపిస్తుంది. కథలో రెండు రకాల వాక్యాలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. "ఇంత ఇంధనం ఇంత బరువునే దించగలదు" అనేది ప్రకృతి వాక్యం. "ఇంతే ఇంధనం పోస్తాం" అనేది ఎవరో ఆఫీసులో కూర్చుని రాసిన వాక్యం. తర్కంలోకి ప్రవేశించగానే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఆధారాలే, రెండిటికీ ఒకే బలం. నిర్ణయం వచ్చేసరికి దాని వెనకున్న మనిషి మాయమై, నెపం పూర్తిగా ప్రకృతి మీదికి పోతుంది.

ఇది పాత కథల గొడవ అనుకుంటే పొరపాటు. నేను పనిచేసిన ఒకచోట అప్పు దరఖాస్తుల్ని వడగట్టే సాఫ్ట్‌వేర్ ఉండేది. అందులో ఒక నియమం: రెండేళ్ళలో మూడు ఇళ్ళు మారినవాళ్ళు నిలకడలేని మనుషులు, వాళ్ళ మార్కులు తగ్గించాలి. కోడ్‌లో తప్పు లేదు, టెస్టులన్నీ పాస్. రివ్యూలో ఒక టెస్టర్ అడిగింది: "అద్దెకుండేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మారతారా? ఓనర్ ఖాళీ చేయమంటే మారతారు కదా. నిలకడ లేనిది ఎవరికి?" గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వచ్చిన జవాబు, "రిక్వైర్‌మెంట్ అలా ఉంది." రిక్వైర్‌మెంట్ రాసినవాళ్ళని అడిగితే, పాత డేటా అలా చెప్పిందన్నారు. అప్పు రాక, హాస్టల్ ఫీజు కట్టడానికి ఇంకెక్కడో చేయి చాచాల్సి వచ్చిన మనిషికి ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లో ఇవేవీ ఉండవు. "మీరు అర్హులు కారు" అని మాత్రం ఉంటుంది. పైలట్ కనీసం ఆ అమ్మాయి మొహం చూశాడు.

అలాగని లాజిక్‌ని తిట్టి, జీవితం లాజిక్‌కి అందదు, మనసు చెప్పింది వినాలి అనేవాళ్ళతో నేను చేరలేను. మనసుకీ మొదటి వాక్యాలుంటాయి. అవి ఎవరూ రాసి పెట్టకపోవడం వల్ల ప్రశ్నించడం ఇంకా కష్టం. "మనవాడు కాబట్టి మంచివాడు" అనేది కూడా ఒక నియమమే, కాకపోతే దాన్ని రివ్యూ చేయడానికి ఎక్కడా కనిపించదు. ఆ టెస్టర్ ప్రశ్న అడగగలిగింది నియమం స్పష్టంగా రాసి ఉండబట్టే.

నాకు అర్థమైనంతలో తర్కాన్ని రెండు వైపులా నడిపించవచ్చు. ముందుకి నడిపిస్తే ఆధారాల నుంచి తీర్పుకి వెళ్తాం. పైలట్ చేసింది అదే, మా సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. వెనక్కి నడిపిస్తే తీర్పు నుంచి ఆధారాలకి వెళ్తాం. ఈ తీర్పు నాకు అన్యాయంగా కనిపిస్తోంది, వాదనలో తప్పు లేదు, అయితే ఏ వాక్యం దగ్గర మోసం ఉంది? ఈ ప్రశ్న వేసుకోవడానికి తర్కాన్ని మించిన సాధనం లేదు. తీర్పు తప్పయి, వాదన సరైనదైతే, ఆధారాల్లో కనీసం ఒకటైనా తప్పయి తీరాలని అది హామీ ఇస్తుంది. హార్డిన్ తర్కాన్ని వాడింది ఇలా వెనక్కే. అందరూ ఒప్పుకున్న ధైర్యాన్ని తీసుకుని దాని కింద ఏముందో తవ్వించాడు. ఆ సన్నివేశం ఇప్పటికీ నచ్చడానికి కారణం అదే అనుకుంటాను. ఆయన ఆ కాగితం చూపించి "లాజిక్ ఇలా చెప్పింది కాబట్టి ఇక నా బాధ్యత లేదు" అనలేదు. ఎవరూ రారు కాబట్టి మనమే ఏదో చేయాలన్నాడు.

మన పాత తర్కపాఠం ఒకటి ఇక్కడ నాకు పనికొచ్చింది. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన 'తర్కసంగ్రహం' సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవాళ్ళు ఇప్పటికీ చదివే చిన్న పుస్తకం. అందులో అనుమానానికి ఐదు అవయవాలు. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ కూడా అలాంటిదే. కాబట్టి నిప్పుంది. అరిస్టాటిల్ పద్ధతి ప్రకారం చూస్తే ఆ వంటిల్లు అనవసరం. మూడు వాక్యాలు చాలు. కంటెంట్ అంతా తీసేసి ఎక్స్, వై అని పెట్టుకున్నా వాదన నడుస్తుంది. అలా తీసేయగలిగారు కాబట్టే బూల్ వచ్చాడు, షానన్ వచ్చాడు, కంప్యూటర్ వచ్చింది. మన నైయాయికులు ఆ దారిన పోలేదు. కానీ వాళ్ళు ఆ వంటింటిని వదలలేదు. సాధారణ నియమం చెప్పిన ప్రతిసారీ దానికి ఒక చోటు చూపించాలి, నువ్వూ నేనూ ఇద్దరం వెళ్ళి చూసి ఒప్పుకోగలిగిన చోటు.

ఇళ్ళు మారేవాళ్ళకి నిలకడ ఉండదట. ఏదీ, ఆ వంటిల్లు చూపించు. అదనపు ఇంధనం పోయడం కుదరదట. ఎవరి వంటింట్లో కుదరలేదు? చూపించగలిగితే ఒప్పుకుందాం, కొన్నిసార్లు నిజంగానే కుదరదు. ఆ టెస్టర్ ప్రశ్నకి జవాబు రాలేదు గానీ, రివ్యూ నోట్స్‌లో అది అలాగే ఉండిపోయింది. ఆ నియమం పక్కన, దాన్ని ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో పేర్లు రాయాలని తర్వాత అందరం అనుకున్నాం. నియమం మారలేదు. దాని పక్కన మాత్రం ఇప్పుడు ఒక మనిషి పేరుంది.